సీడీ పోయినా ఇమేజ్ ఉంది: అందులోంచి ఫైళ్లు బయటికి తీయడం ఎలా

మా అన్నయ్య పదేళ్లకు పైగా డీటీపీ సెంటర్ నడిపాడు. శుభలేఖలు, స్కూలు మ్యాగజైన్లు, ఊళ్లో కవుల సంపుటాలు... పని పూర్తయిన ప్రతిదాన్నీ సీడీలో రాసి, మార్కర్‌తో పేరు వేసి దాచేవాడు. సెంటర్ మూసేశాక ఆ సీడీలన్నీ అట్టపెట్టెలో అటకెక్కాయి. మొన్నామధ్య దించి చూస్తే కొన్నిటి పైపూత పొట్టులా లేచిపోతోంది. ఇంకా ఆలస్యం చేస్తే ఏదీ మిగలదనిపించి, ఒక్కో సీడీని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఉన్నదున్నట్టు ఒక్కో ఫైలుగా హార్డ్‌డిస్క్‌లోకి దించేశాను. అలా దించిన ఫైలే డిస్క్ ఇమేజ్. చాలావరకు దాని పేరు చివర ఐఎస్ఓ అని ఉంటుంది.

దించడం వరకు ఓపిక ఉంటే చాలు. చిక్కంతా ఆ ఇమేజుల్లోంచి అసలు ఫైళ్లు తీసేటప్పుడు వచ్చింది. అదే కమాండ్ కొడితే ఒక ఇమేజ్ వెంటనే తెరుచుకునేది, ఇంకొకటి ససేమిరా అనేది. ఒకదాంట్లో ఫైళ్ల పేర్లన్నీ ఎనిమిది అక్షరాలకు తెగిపోయి కనిపించేవి. మరొకదాంట్లో సగం ఫైళ్లే ఉండేవి, మిగతావి ఏమయ్యాయో తెలిసేది కాదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాక అర్థమైంది: ఇమేజ్ లోపలి అమరిక తెలియకుండా కమాండ్లు కొడుతున్నాను. అది తెలిశాక ఏ పనిముట్టు ఎప్పుడు వాడాలో, ఒకటి పనిచేయకపోతే ఎందుకు చేయలేదో నాకే తెలుస్తూ వచ్చింది. కాబట్టి ముందు అమరిక గురించి, తర్వాత కమాండ్ల గురించి రాస్తాను.

ఒక మాట. కమాండ్ల పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే తెర మీద, మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, పెద్ద అక్షరం అని విడిగా చెప్పనంతవరకు చిన్న అక్షరాల్లోనే.

ఇంతకీ మౌస్‌తో రెండు నొక్కులు నొక్కితే తెరుచుకునేదానికి కమాండ్లు ఎందుకు అంటారా? ఒకటో రెండో ఇమేజులైతే మౌస్ చాలు. వందకు పైగా ఉంటే ఒక్కోదాన్నీ తెరవడం, కాపీ చేయడం, మూయడం మనిషి చేయగల పని కాదు. పైగా ఏదైనా ఫైలు చదవలేకపోతే కమాండ్ దాని పేరుతో సహా చెబుతుంది.

లోపల ఏముంటుంది

జిప్ ఫైలు అంటే సామాన్లు సర్ది కట్టిన మూట. డిస్క్ ఇమేజ్ అంటే గోడలు, గదులు, ఖాళీ మూలలతో సహా ఇంటికి తీసిన అచ్చు. సీడీలో ఏమీ రాయని చోట్లు కూడా ఇమేజ్‌లో అలాగే వస్తాయి.

సీడీలో సమాచారమంతా సెక్టార్లుగా ఉంటుంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో మనకు పనికొచ్చే సమాచారం 2048 బైట్లు. 80 నిమిషాల సీడీలో సెకనుకు 75 చొప్పున 3,60,000 సెక్టార్లు ఉంటాయి. డబ్బా మీద 700 ఎంబీ అని వేసేది ఆ లెక్కనే. ఈ సెక్టార్లలో ఫైళ్లను ఏ పద్ధతిలో పేర్చాలో చెప్పే ప్రమాణం పేరు ఐఎస్ఓ 9660. 1985లో కొన్ని కంప్యూటర్ కంపెనీల వాళ్లు అమెరికాలో టాహో సరస్సు దగ్గర హై సియెరా అనే హోటల్లో కూర్చుని, అందరి యంత్రాల్లోనూ చదవగలిగే ఒకే పద్ధతి ఉండాలని దీనికి పునాది వేశారు. 1988లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అందరి యంత్రాల్లోనూ అన్న పట్టుదల ఎంతటిదంటే, ముఖ్యమైన అంకెలను ఇందులో రెండేసి సార్లు రాస్తారు. అప్పటి ప్రాసెసర్లలో కొన్ని అంకె చిన్న బైటును ముందు రాసేవి, కొన్ని పెద్ద బైటును ముందు రాసేవి. ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకోవచ్చని రెండు రకాలుగానూ రాసిపెట్టారు.

మొదటి 16 సెక్టార్లను, అంటే 32,768 బైట్లను, ఈ ప్రమాణం వాడుకోదు. 16వ సెక్టారులో అసలు కథ మొదలవుతుంది. అక్కడ సీడీ001 అనే ముద్ర, డిస్క్ పేరు, మొత్తం ఎన్ని సెక్టార్లు, అన్నిటికంటే పై ఫోల్డర్ ఏ సెక్టారులో ఉంది అన్న వివరాలు ఉంటాయి. ఆ ఫోల్డర్ దగ్గరికి వెళితే అందులో ప్రతి ఫైలుకూ ఒక వరుస: పేరు, తేదీ, మొదలయ్యే సెక్టారు, ఎన్ని బైట్లు. ఈ వరుసల పట్టికనే ఇకపై సూచిక అంటాను. హార్డ్‌డిస్క్‌లోలాగా ఫైలు ముక్కలై తలో చోటా పడి ఉండదు. సీడీలో ఒకసారి రాసేది కాబట్టి సాధారణంగా ఒకే వరుసలో ఉంటుంది.

నాకు ఈ విషయం తెలిసిన రోజు చాలా సంతోషమేసింది. ఎందుకంటే, ఇమేజ్‌లో ఫైలు అంటే ఇక రెండే అంకెలు. ఎక్కడ మొదలు, ఎంత పొడవు. ఉదాహరణకు ఒక ఫైలు 1,250వ సెక్టారులో మొదలై 5,00,000 బైట్లు ఉందనుకుందాం. 1,250ని 2048తో గుణిస్తే 25,60,000. ఇమేజ్‌లో అన్ని బైట్లు దాటి, అక్కడి నుంచి 5 లక్షల బైట్లు తీసుకుంటే అదే ఆ ఫైలు. డీడీ అనే పాత కమాండ్‌కి బీఎస్ 2048 అని, స్కిప్ 1250 అని, కౌంట్ 245 అని చెబితే ఆ ముక్క వచ్చేస్తుంది. 245 సెక్టార్లంటే 5,01,760 బైట్లు కాబట్టి చివర్న ఎక్కువైన 1,760 బైట్లను ట్రంకేట్ కమాండ్‌తో కోసేయాలి. రోజువారీ పనికి ఇలా ఎవరూ చేయరు, చేయనక్కర్లేదు. కానీ ఇక చెప్పబోయే పనిముట్లన్నీ లోలోపల చేసేది ఇదే. సూచిక చదవడం, రెండంకెలు పట్టుకోవడం, ఆ ముక్కను కోసి ఇవ్వడం. ఏదైనా తేడా వస్తే రెండే ప్రశ్నలు వేసుకోవాలి: సూచిక ఎక్కడ ఉందనుకుని వెతికింది? దొరికిన సూచికల్లో దేన్ని చదివింది?

మామూలు దారి: మౌంట్

లైనక్స్‌లో ఎక్కువమంది వాడేది మౌంట్ కమాండ్. ముందు ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని, సుడో మౌంట్ అని, హైఫన్ ఓ తర్వాత లూప్ కామా ఆర్ఓ అని, ఆపైన ఇమేజ్ పేరు, ఫోల్డర్ పేరు ఇస్తే చాలు. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని. లూప్ అంటే ఆ ఫైలునే ఒక డిస్క్‌గా భావించమని కెర్నల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, చెప్పడం. ఆర్ఓ అంటే చదవడానికి మాత్రమే. సీడీ ఇమేజ్‌లో ఎలాగూ రాయలేం కాబట్టి ఆర్ఓ లేకపోయినా నష్టం లేదు కానీ, చేతికి అలవాటవ్వడం మంచిది. ఎందుకో హార్డ్‌డిస్క్ ఇమేజుల దగ్గర చెబుతాను.

మౌంట్ అయ్యాక ఆ ఫోల్డర్‌లో సీడీలోని ఫైళ్లన్నీ కనిపిస్తాయి. సీపీ హైఫన్ ఏ కమాండ్‌తో గానీ, ఆర్‌సింక్ హైఫన్ ఏ తో గానీ కాపీ చేసుకోవచ్చు. ఎక్కువ ఫైళ్లుంటే నేను ఆర్‌సింక్‌నే ఎంచుకుంటాను. మధ్యలో కరెంటు పోతే అదే కమాండ్ మళ్లీ కొట్టవచ్చు, పూర్తయిన ఫైళ్లను వదిలేసి మిగతావి తెస్తుంది. పనయ్యాక యూమౌంట్ మరచిపోవద్దు. ఆ పేరులో మొదటి యూ తర్వాత ఎన్ అక్షరం లేదు, చాలామంది అన్‌మౌంట్ అని కొట్టి కమాండ్ లేదంటోందని కంగారు పడతారు.

కాపీ చేసిన ఫైళ్లను మార్చబోతే, తీసేయబోతే అనుమతి లేదని రావచ్చు. సీడీలో ఫైళ్లూ ఫోల్డర్లూ చదవడానికి మాత్రమే అన్న గుర్తుతో ఉంటాయి, హైఫన్ ఏ ఆ గుర్తును కూడా తెచ్చేస్తుంది. సీహెచ్‌మాడ్ హైఫన్ పెద్ద ఆర్, యూ ప్లస్ డబ్ల్యూ, ఫోల్డర్ పేరు అని కొడితే సరిపోతుంది.

సుడో లేనప్పుడు

ఆఫీసు సర్వర్లలో, కాలేజీ ల్యాబుల్లో మనకు అడ్మిన్ అధికారం ఉండదు కాబట్టి మౌంట్ కుదరదు. అప్పుడు ఇమేజ్‌ను డిస్క్‌గా కాకుండా మామూలు ఫైలుగానే తెరిచి, సూచికను తమంతట తాము చదువుకునే పనిముట్లు కావాలి. వీటిలో నాకు బాగా ఇష్టమైనది బీఎస్‌డీటార్. హైఫన్ టీఎఫ్ ఇస్తే లోపల ఏమున్నాయో పట్టిక చూపిస్తుంది, హైఫన్ ఎక్స్ఎఫ్ ఇస్తే బయటికి తీస్తుంది, ఒక్క ఫైలు పేరు ఇస్తే అదొక్కటే తీస్తుంది. మ్యాక్‌లో ఉండే టార్ కమాండ్ నిజానికి ఇదే. 2018 నుంచి విండోస్ 10లో వస్తున్న టార్ కూడా ఇదే. అంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా టార్ హైఫన్ ఎక్స్ఎఫ్, ఇమేజ్ పేరు అని కొడితే ఐఎస్ఓ విడిపోతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

రెండోది సెవెన్‌జిప్. కమాండ్‌గా సెవెన్ జెడ్ అని కొట్టాలి. ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఎక్స్‌కీ ఈకీ ఉన్న తేడా. ఎక్స్ ఇస్తే ఫోల్డర్లు ఎలా ఉన్నవి అలా వస్తాయి. ఈ ఇస్తే ఫోల్డర్లన్నీ పోయి ఫైళ్లన్నీ ఒకే కుప్పగా పడతాయి. అన్నయ్య సీడీల్లో ప్రతి ఫోల్డర్‌లోనూ ఫైనల్ అనే పేరుతో ఒక ఫైలు ఉండేది. ఇంగ్లిష్ ఈ వాడి, పాతదాని మీద రాయనా అని అడిగినప్పుడు సరే అని ఉంటే అవన్నీ ఒకదాన్నొకటి తుడిచేసుకునేవి.

మూడోది ఐసోఇన్ఫో. హైఫన్ ఎల్, హైఫన్ ఐ, ఇమేజ్ పేరు అని ఇస్తే ప్రతి ఫైలుకూ సైజు, చదరపు బ్రాకెట్లలో మొదలయ్యే సెక్టారు అంకె చూపిస్తుంది. నేను పైన చెప్పిన రెండంకెలను కళ్లారా చూడాలంటే ఇదే దారి. హైఫన్ ఎక్స్ తో ఒక ఫైలును తీసుకోవచ్చు కూడా, కాకపోతే అది తెర మీదికి వస్తుంది, బాణం గుర్తుతో ఒక ఫైలులోకి మళ్లించుకోవాలి. ఫైలు పేరు చివర సెమీకోలన్ ఒకటి అని ఉంటే దాన్ని కూడా రాయాలి. ఐఎస్ఓ 9660లో ప్రతి ఫైలుకూ వెర్షన్ అంకె ఉంటుంది, అదే ఇది.

ఏ సూచిక చదివింది?

ఇప్పుడు అసలు గందరగోళానికి వద్దాం. ఐఎస్ఓ 9660 మొదటి స్థాయిలో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు. అవీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. 1980లలో అది సరిపోయింది, తర్వాత సరిపోలేదు. యూనిక్స్ వాళ్లు పాత సూచికలోని ఖాళీ చోట్లలోనే పొడుగు పేర్లు, అనుమతులు ఇరికించే రాక్ రిడ్జ్ అనే పద్ధతి తెచ్చారు. మైక్రోసాఫ్ట్ 1995లో జోలియట్ పేరుతో రెండో సూచికనే వేరుగా రాసింది. అంటే ఒకే సీడీలో అవే ఫైళ్లకు రెండు సూచికలు. ఫైళ్లు మాత్రం ఒకే చోట ఉంటాయి, రెండు సూచికలూ అక్కడికే దారి చూపిస్తాయి. పేర్లు తెగి కనిపిస్తే, మీ పనిముట్టు పాత సూచిక చదివిందని అర్థం. ఐసోఇన్ఫోకి పెద్ద జే ఇస్తే జోలియట్, పెద్ద ఆర్ ఇస్తే రాక్ రిడ్జ్ చదువుతుంది. మౌంట్ మామూలుగా రాక్ రిడ్జ్ ఉంటే దాన్ని, లేకపోతే జోలియట్‌ను తీసుకుంటుంది. నోరాక్, నోజోలియట్ అనే ఆప్షన్లతో వద్దనుకున్నదాన్ని ఆపవచ్చు.

తెలుగు పేర్ల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. జోలియట్ పేర్లు యూనికోడ్‌లో ఉంటాయి కాబట్టి తెలుగు రాయవచ్చు, కానీ హద్దు 64 సంకేతాలు. మన కంటికి కనిపించే అక్షరం వేరు, యూనికోడ్ లెక్క వేరు. శ్రీనివాసకల్యాణం అన్న మాటలో మనకు కనిపించేవి ఏడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లులు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి, మొత్తం 16. అలాంటి మాటలు నాలుగు కలిస్తే జోలియట్ హద్దు నిండిపోతుంది. ఇంగ్లిష్‌లో చక్కగా పట్టే పొడుగు పేరు తెలుగులో మధ్యలో తెగేది ఇందుకే. రాక్ రిడ్జ్ హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి 85 సంకేతాలు పడతాయి, కొంచెం నయం.

ఇంకొకటి. జోలియట్ సీడీని లైనక్స్‌లో మౌంట్ చేసినప్పుడు తెలుగు పేర్ల స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు వస్తే, పేర్లు పాడైపోయాయని బాధపడకండి. ఆప్షన్లలో ఐఓక్యారెక్టర్‌సెట్ అనే అర్థంలో ఐఓసీహెచ్ఏఆర్ఎస్ఈటీ ఈక్వల్స్ యూటీఎఫ్8 అని చేర్చి మళ్లీ మౌంట్ చేస్తే పేర్లు తెలుగులో వచ్చేస్తాయి. ప్రశ్నార్థకాలతోనే కాపీ చేస్తే మాత్రం కొత్త చోట ఆ పేర్లు నిజంగానే పోతాయి. కాపీకి ముందు ఒకసారి పట్టిక చూసుకోండి.

మూడో రకం సూచిక యూడీఎఫ్. డీవీడీలతో వచ్చింది. ఐఎస్ఓ 9660లో ఫైలు సైజును 32 బిట్లలో రాస్తారు కాబట్టి ఒకే ముక్కగా ఉన్న ఫైలు 4 జీబీ దాటలేదు. విండోస్ ఇన్‌స్టాలేషన్ ఇమేజ్‌లో అంతకంటే పెద్ద ఫైలు ఉండవచ్చు కాబట్టి మైక్రోసాఫ్ట్ ఆ ఇమేజుల్లో అసలు ఫైళ్లన్నిటినీ యూడీఎఫ్ సూచికలో పెట్టి, పాత సూచికలో రీడ్‌మీ అనే ఒక్క చిన్న ఫైలు మాత్రం ఉంచుతుంది. ఈ డిస్క్ చదవాలంటే యూడీఎఫ్ తెలిసిన సిస్టమ్ కావాలి అని అందులో రాసి ఉంటుంది. బీఎస్‌డీటార్‌కి యూడీఎఫ్ తెలియదు కాబట్టి కొన్ని జీబీల ఇమేజ్‌లోంచి ఆ ఒక్క రీడ్‌మీ తీసి, పని పూర్తయినట్టు ఆగుతుంది. ఎర్రర్ కూడా రాదు. ఇలా జరిగితే సెవెన్‌జిప్ వాడండి, లేదా మౌంట్‌కి హైఫన్ టీ యూడీఎఫ్ అని చెప్పండి.

సూచిక కోసం ఎక్కడ వెతికింది?

మౌంట్ చేస్తే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను పేర్చే పద్ధతి) రకం తప్పు అని వచ్చిందంటే, ఎక్కువసార్లు సూచిక ఉండాల్సిన చోట లేదని అర్థం. సీడీ001 ముద్ర ఎన్నో బైటు దగ్గర ఉందో మనమే వెతకవచ్చు. గ్రెప్ కమాండ్‌కి హైఫన్ ఏబీఓ ఇచ్చి, సీడీ001 అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఇచ్చి, ఇమేజ్ పేరు ఇవ్వండి. వచ్చే మొదటి అంకె చాలా చెబుతుంది.

32769 అని వస్తే మామూలు ఐఎస్ఓ. ఫైలు పేరు చివర ఏమున్నా సరే, పై కమాండ్లన్నీ పనిచేయాలి.

37649 గానీ 37657 గానీ వస్తే అది ముడి ఇమేజ్. సీడీలో ఒక్కో సెక్టారు నిజానికి 2352 బైట్లు. అందులో 2048 మనవి, మిగతావి సెక్టారు ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తులు, గీతలు పడితే సరిదిద్దుకునే కోడ్లు. వాటన్నిటితో సహా దించిన ఇమేజ్ సాధారణంగా బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా ఉంటుంది. 16ని 2352తో గుణించి, ముందున్న 16 గానీ 24 గానీ బైట్ల తలకట్టు దాటి చూస్తే ఈ అంకెలే వస్తాయి. బీచంక్ అనే చిన్న పనిముట్టుకి బిన్, క్యూ రెండూ ఇస్తే ఆ అదనపు బైట్లు తీసేసి శుభ్రమైన ఐఎస్ఓ చేసి ఇస్తుంది.

339969 వస్తే అది నీరో సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఎన్ఆర్‌జీ ఇమేజ్ అయ్యే అవకాశం ఎక్కువ. ముందు 150 సెక్టార్ల ఖాళీ, అంటే 3,07,200 బైట్లు ఉంటాయి. దీనికి మార్పిడి కూడా అక్కర్లేదు. మౌంట్ ఆప్షన్లలో లూప్‌తో పాటు ఆఫ్‌సెట్ ఈక్వల్స్ 307200 అంటే చాలు, ఆ ఖాళీ దాటి చదువుతుంది.

వీసీడీలు వేరే కథ. మన ఇళ్లలో 2000 ప్రాంతపు పెళ్లి వీడియోలు ఎక్కువగా ఉన్నవి వీటిలోనే. వీసీడీలో వీడియో ఉండే సెక్టార్లకు తప్పులు సరిదిద్దే కోడ్లు తగ్గించి, 2048 బదులు 2324 బైట్ల సమాచారం నింపుతారు. అందుకే వీసీడీని మామూలు ఐఎస్ఓగా దించితే ప్రతి సెక్టారులోనూ వీడియో కొంత పోతుంది. లైనక్స్‌లో మౌంట్ చేసి ఎంపెగ్ఏవీ ఫోల్డర్‌లోని, పేరు చివర డీఏటీ అని ఉండే ఫైలు కాపీ చేయబోతే ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఎర్రర్ వస్తుంది, చాలామంది సీడీ పాడైందనుకుని పారేస్తారు. దయచేసి పారేయకండి. సీడీఆర్‌డీఏఓ అనే పనిముట్టుతో ముడిగా బిన్ ఫైలులోకి దించి, వీసీడీఎక్స్‌రిప్ అనే దానికి ఆ బిన్ ఇస్తే వీడియో ఎంపెగ్ ఫైలుగా బయటికొస్తుంది.

సగం ఫైళ్లు లేని సీడీ

అన్నయ్య సీడీల్లో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఒక కవితా సంపుటం. సీడీ మీద పేరు ఉంది, డ్రైవ్‌లో పెడితే ఫోల్డర్ కనిపిస్తోంది, ఇమేజ్‌ను మౌంట్ చేస్తే మాత్రం ఆ ఫోల్డరే లేదు. కారణం సెషన్లు. అప్పట్లో ఖాళీ సీడీ ఒక్కటి కూడా వృథా చేయకుండా, ఈ నెల కొంత, వచ్చే నెల కొంత రాసేవాళ్లు. అలా రాసిన ప్రతిసారీ సీడీలో కొత్త సెషన్ మొదలై, పాత ఫైళ్లను కూడా కలుపుకుని కొత్త సూచిక రాయబడుతుంది. డ్రైవ్‌లో ఉన్నప్పుడు చివరి సెషన్ ఎక్కడుందో డ్రైవే చెబుతుంది. ఇమేజ్ ఫైలుకి అలా చెప్పేవాళ్లు లేరు, అందుకే మౌంట్ నేరుగా మొదటి సెషన్ సూచికకు వెళ్లిపోతుంది.

ఇక్కడ కూడా గ్రెప్ ఆదుకుంది. సీడీ001 ముద్రలు ఇమేజ్ మొదట్లోనే కాకుండా చాలా దూరంలో మళ్లీ కనిపించాయి. అక్కడి ముద్రల్లో మొదటిదాని అంకెలోంచి 1 తీసేసి, 2048తో భాగించి, 16 తీసేస్తే ఆ సెషన్ మొదలయ్యే సెక్టారు వస్తుంది. ఉదాహరణకు 4,19,84,001 అయితే 20,500 వస్తుంది, అందులోంచి 16 తీస్తే 20,484. మౌంట్ ఆప్షన్లలో ఎస్‌బీసెక్టార్ ఈక్వల్స్ 20484 అని ఇస్తే ఆ సెషన్ సూచిక తెరుచుకుంటుంది. ఎక్కువ సెషన్లుంటే చివరిదానితో మొదలుపెట్టండి. రాసేటప్పుడు పాత ఫైళ్లను కలుపుకోకపోయి ఉంటే మాత్రం ఒక్కో సెషన్‌నూ విడిగా చూడాలి.

ఇదంతా కుదరాలంటే ఇమేజ్‌లో రెండో సెషన్ ఉండాలి కదా. మొదటి సెషన్‌కీ రెండోదానికీ మధ్య 11,400 సెక్టార్ల చదవలేని జాగా ఉంటుంది. డీడీ అక్కడ ఎర్రర్ చూసి ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ఆగకుండా ఆ జాగాను వదిలి ముందుకెళుతుంది, ఎక్కడెక్కడ చదవలేకపోయిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, మళ్లీ నడిపితే ఆ చోట్లే ప్రయత్నిస్తుంది. గీతలు పడ్డ సీడీలకూ ఇదే మందు. పాత సీడీలను దించేవాళ్లు మొదటి నుంచీ డీడీరెస్క్యూనే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం.

సూచిక సాధారణంగా ఇమేజ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి ఇంకో ప్రమాదం ఉంది. ఇమేజ్ సగమే దిగినా ఫైళ్ల పట్టిక మొత్తం కనిపిస్తుంది. అంతా వచ్చిందనుకుంటాం. కాపీ చేసేటప్పుడు చివరి ఫైళ్ల దగ్గర ఎర్రర్ వస్తుంది. ఐసోసైజ్ అనే కమాండ్‌కి ఇమేజ్ ఇస్తే, ఉండాల్సిన సైజు ఎంతో 16వ సెక్టారు చదివి చెబుతుంది. అసలు ఫైలు సైజు దానికంటే తక్కువైతే ఇమేజ్ తెగిపోయినట్టే. కాస్త ఎక్కువుంటే ఏమీ కాదు.

విండోస్, మ్యాక్, హార్డ్‌డిస్క్ ఇమేజులు

విండోస్ 8 నుంచి పవర్‌షెల్‌లో మౌంట్-డిస్క్ఇమేజ్ అనే కమాండ్ ఉంది. హైఫన్ ఇమేజ్‌పాత్ తర్వాత ఇమేజ్ పూర్తి చిరునామా ఇస్తే కొత్త డ్రైవ్ అక్షరంతో తెరుచుకుంటుంది. కాపీకి రోబోకాపీ మంచిది. స్లాష్ ఈ ఇస్తే లోపలి ఫోల్డర్లన్నీ వస్తాయి. స్లాష్ ఏ మైనస్ కోలన్ ఆర్ ఇస్తే చదవడానికి మాత్రమే అన్న గుర్తు పోతుంది. మరో రెండు తప్పకుండా చేర్చండి: స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. రోబోకాపీ చదవలేని ఫైలు తగిలితే మామూలుగా 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ఒక్క పాడైన ఫైలు దగ్గర రాత్రంతా నిలిచిపోతుంది. చివర్లో డిస్‌మౌంట్-డిస్క్ఇమేజ్. మ్యాక్‌లో హెచ్‌డీఐయుటిల్ అటాచ్, పనయ్యాక డిటాచ్.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, రాస్ప్‌బెర్రీ పై కార్డు ఇమేజుల్లో మరో మెట్టు అదనం. వాటిలో ముందు పార్టిషన్ల (డిస్క్‌ను విడగొట్టిన భాగాల) పట్టిక, ఆ తర్వాత ఒక్కో పార్టిషన్‌లో ఒక్కో ఫైల్‌సిస్టమ్ ఉంటాయి. ఎఫ్‌డిస్క్ హైఫన్ ఎల్ ఇస్తే ఒక్కో పార్టిషన్ ఏ సెక్టారులో మొదలైందో చూపిస్తుంది. ఇక్కడ సెక్టారు మామూలుగా 512 బైట్లు. 8192 అని ఉంటే 512తో గుణించి 41,94,304 అని ఆఫ్‌సెట్ ఇవ్వాలి. లెక్క వద్దనుకుంటే లోసెటప్ కమాండ్‌కి పెద్ద పీ ఇస్తే పార్టిషన్లన్నిటినీ విడివిడిగా చూపిస్తుంది. సుడో లేకపోతే ఫ్యాట్ పార్టిషన్ల నుంచి ఎంకాపీ, ఈఎక్స్‌టీ4 పార్టిషన్ల నుంచి డీబగ్ఎఫ్ఎస్ లోని డంప్ పని చేస్తాయి.

ఆర్ఓ అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. ఇలాంటి ఇమేజ్‌ను ఆర్ఓ లేకుండా మౌంట్ చేస్తే అందులో రాతలు జరుగుతాయి. ఈఎక్స్‌టీ4 అయితే ఆర్ఓ ఇచ్చినా చాలదు. సరిగ్గా మూయని డిస్క్ అయితే పెండింగ్‌లో ఉన్న జర్నల్ రాతలను (చేయాల్సిన మార్పులను ముందుగా రాసుకున్న చిట్టాను) మౌంట్ సమయంలో పూర్తి చేస్తుంది. ఇమేజ్‌లో ఒక్క బైటు కూడా మారకూడదంటే ఆర్ఓ కామా నోలోడ్ అని ఇవ్వాలి. చెరిగిపోయిన ఫొటోలు వెతికే పనికి ఇది తప్పనిసరి.

కాపీ అయ్యాక మౌంట్ తీయకముందే డిఫ్ హైఫన్ ఆర్ తో రెండు ఫోల్డర్లనూ పోల్చండి. ఏమీ చూపించకపోతే రెండూ ఒకటే. తర్వాత షా256సమ్‌తో ఇమేజ్‌కి ఒక అంకె తీసి పక్కన రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది ఇమేజ్ చెక్కుచెదరలేదని తేల్చుకోవడానికి పనికొస్తుంది.

అన్నయ్య కవితా సంపుటం ఫైలు డిఫ్ పరీక్ష దాటింది. తెరిచి చూస్తే మాత్రం తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, అర్థంలేని వరుసలు. కాపీలో తప్పు లేదు. అప్పటి డీటీపీ పని చాలావరకు అను ఫాంట్లలో, యూనికోడ్ రాకముందు పద్ధతిలో జరిగేది. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంట్లు అవి. సరైన ఫాంట్ లేకపోతే అక్షరాలు ఇలాగే కనిపిస్తాయి. ఆ ఫాంట్ ఫైళ్లు కూడా అదే సీడీలో, మొదటి సెషన్‌లో ఒక ఫోల్డర్‌లో దొరికాయి. ఫాంట్ ఎక్కించి మళ్లీ తెరిస్తే మొదటి పేజీలో అంకితం, దాని కింద మా ఊరి పేరు కనిపించాయి.